ఇవాళ్టికి తెరుచుకోలేదు

మిర్యాలగూడ బస్టాండు ఎదుట పశువుల మందుల షాపు నాది. నేను చెప్పే మాటల్లో పదింట ఏడు నమ్మొద్దని ఊళ్లో అందరికీ తెలుసు. మిగతా మూడు ఏవో నాకే తెలియదు. అందుకని ముందే చెప్పేస్తున్నాను: ఈ రాసేదాంట్లో పిచ్చుకల సంగతి ఒక్కటి కొంచెం పెంచాను. మిగిలిందంతా జరిగిందే.

పోయిన మంగళవారం పొద్దున షట్టరు ఎత్తేసరికి మెట్ల మీద సోమ్లి కూర్చుని ఉంది. త్రిపురారం దారిలో కాలువ పక్కనున్న తండా ఆమెది. ఒడిలో చిన్న గోనెసంచి. దాని నోటికి ఎర్రదారంతో ఏటవాలు కుట్టు, మూడు కుట్లకొక ముడి. అది సోమ్లి కుట్టేనని నేను కళ్లు మూసుకుని తడిమినా చెప్పగలను.

"మేడం పోయింది," అంది సోమ్లి. "మొన్న, కోదాడల. నేను పోయొచ్చిన. గిది నీకియ్యమన్నదంట. సంచి లేకుంటె నేనే కుట్టి అండ్ల ఏసి తెచ్చిన."

కుట్టు విప్పాను. లోపల గాజంత ఇనుప కడియం, దానికి వేలాడుతూ పదమూడు తాళంకప్పలు. అందులో ఒక ఇత్తడి కప్పకి దారంతో ఒక తాళంచెవి కట్టి ఉంది. ఆ తాళంచెవి ఆ కప్పది కాదు. ఎన్నడూ కాదు.

తప్పు రాశాను. 'ఎన్నడూ' అన్న మాట వింటే ఆమె కోదాడ నుంచి లేచి వచ్చేది. ఇవాళ్టికి కాదు.

సూర్యాపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో ఆమె జంతుశాస్త్రం చెప్పేది. పిల్లలు తాళాల మేడం అనేవారు. అసలు పేరు నేనూ రాయను. తన పేరు నా నోట పడితే అది కూడా అబద్ధమైపోతుందని ఆమె భయం. పొట్టి మనిషి. సన్నం. ఈ తాళాల గుత్తి ఎప్పుడూ ఎడమ భుజానికి తగిలించుకున్న సంచిలో ఉండేది కాబట్టి ఆ భుజం కుడిదానికంటే రెండంగుళాలు కిందికి దిగి ఉండేది. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా ఆ సంచి గణగణమనేది.

"ఏం మేడం, జైలుకు తాళాలు మార్చబోతున్నవా?" అని ఒక కండక్టరు నవ్వాడు.

"జైలుకి కాదయ్యా, నీ నోటికి. కొలత తీసుకుందామనే ఈ బస్సెక్కా."

వాళ్ల నాన్న కోదాడ బస్టాండు దగ్గర గొడుగు కింద కూర్చుని తాళాలు బాగుచేసేవాడు. ఈమె చిన్నప్పటి నుంచి ఆ గొడుగు కిందే ఆకురాయి పట్టుకుని పెరిగింది. కాలేజీకి వెళ్లి పెద్ద చదువులు చదివినా చేతి అలవాటు పోలేదు. ఎక్కడ తాళం కనిపించినా తన సంచిలోంచి ఒక తాళంచెవి తీసి దూర్చి తిప్పి చూసేది. ఒకసారి నేను పక్కనుండగానే ఏదో ఆఫీసు గేటుకి పెట్టింది. అటెండరు పరుగెత్తుకొచ్చాడు.

"ఏందమ్మా, ఏం జేస్తున్నవ్?"

"తెరుచుకుంటుందేమోనని చూస్తున్నా."

"నీ చెవితోని గిది తెరుసుకోదు."

"ఇవాళ్టికా, ఎన్నడూనా?"

"ఎన్నడూ!"

ఆ మాట ఇంకా అతని నోట్లో ఉండగానే తాళం టక్కున ఊడి ఆమె చేతిలో పడింది. పారిపోతూ కూడా వెనక్కి తిరిగి, "ఎన్నడూ అనకయ్యా! ఇవాళ్టికి అను!" అని అరిచింది. ఆమె జీవితం మొత్తంలో పట్టుపట్టిన మాట అదొక్కటే. వాన రాదు అనకూడదు, ఇవాళ్టికి రాదు అనాలి. మా ఆవిడకి కోపం రాదని నేను అంటే ఒక వేలు ఎత్తి చూపేది. ఆ వేళ్లు నాకోసం పెట్టిన లెక్క. నేను చెప్పే ఒక్కో అబద్ధానికీ ఒక్కో వేలు లేపేది. ఆదివారం ఆదివారం మా షాపుకి వచ్చి, మందుల డబ్బాల్లో వచ్చే కాగితాలు మడత విప్పి చదువుకుంటూ, తలెత్తకుండానే నా కబుర్లకి వేళ్లు లేపుతూ పోయేది. గంట గడిచేసరికి రెండు చేతులూ చాలేవి కావు.

ఒకసారి ఫార్మలిన్ డబ్బా ఇవ్వడానికి సూర్యాపేట వెళ్లి ఆమె క్లాసు చూశాను. బల్ల మీద ఇత్తడి కప్ప. అరవై మంది పిల్లల చేతుల్లో వాళ్ల నాన్న ఒకే అచ్చులో చేసిచ్చిన అరవై తాళంచెవులు. అన్నీ ఒక పాత ఇనప కప్పవి. ఒక్కటీ ఈ ఇత్తడిదానికి పట్టదు. వారానికోసారి పిల్లలు కళ్లు మూసుకుని, ఎక్కడ రాస్తున్నారో చూడకుండా, ఆకురాయితో తమ తాళంచెవిని ఒక్క గీటు గీయాలి. తరవాత కప్పలో పెట్టి తిప్పి చూడాలి. పూర్తిగా చెడిపోయినవి పారేసి, కొద్దోగొప్పో లోపలికి దిగినవాటికి వాళ్ల నాన్న చేత నకళ్లు తీయించి మళ్లీ అరవై మందికీ పంచేది. మళ్లీ గీటు. ఎండాకాలం దాటి మొదలుపెట్టిన ఆట చలికాలం దాకా సాగింది. నేను వెళ్లిన రోజున వెనక బెంచీ పిల్ల ఒకతె తిప్పితే కప్ప నోరు తెరిచింది. ఆ పిల్ల భయపడిపోయింది.

"నేనేం జెయ్యలే మేడం!"

"అదేనమ్మా కావాల్సింది. నువ్వేం చెయ్యలేదు. వైరస్సు కూడా ఏమీ చెయ్యదు. దానికి బుర్ర లేదు, పగ లేదు. అరవై మంది, ఒక ఆకురాయి, బోలెడన్ని సార్లు. అంతే!"

తరవాత ఆ తాళంచెవిని దాని పాత కప్పలో పెట్టమంది. పట్టలేదు. "చూశారా, కొత్త ఇల్లు దొరికేసరికి పాత ఇల్లు పోయింది. రెండూ తెరిచేది పుట్టిన రోజున నాకు చెప్పండి. అప్పుడు అందరం కలిసి భయపడదాం," అంది. పిల్లలు నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఇక కోళ్ల సంగతికి వస్తాను.

మా దగ్గర ఒక రైసుమిల్లు సేటు ఉండేవాడు. మిల్లులో తౌడు చేతికందుతుంది కదా అని పక్కనే కోళ్ల షెడ్లు వేశాడు. పదివేల కోళ్లు. తండా నుంచి సోమ్లితో కలిపి పదకొండు మంది ఆడవాళ్లు పనికి వచ్చేవారు. పొద్దున షెడ్లు ఊడ్చి గుడ్లు ఏరడం, మధ్యాహ్నం మిల్లులో చిరిగిన సంచులు దులిపి కుట్టడం, నిండిన సంచుల నోళ్లు కుట్టడం. ఎవరి దబ్బనం వాళ్లదే. ఒకరి దబ్బనం ఇంకొకరు ముట్టరు.

చాలా ఏళ్ల కింద ఒక చలికాలం ఆ కోళ్లకి దగ్గు పట్టుకుంది. సేటు మా షాపుకి వచ్చాడు.

"ఏందయ్యా, కోళ్లు మనుషుల లెక్క దగ్గుతున్నయ్?"

సోమ్లి నెలరోజులుగా దగ్గుతోందని నాకు తెలుసు. నాలిక దురద పెట్టింది.

"మీ సోమ్లి నేర్పుంటది సేటూ. షెడ్డుల కోళ్లకు ఇంకేం పని? నేర్చుకున్నయ్."

షాపులో ఉన్న ముగ్గురూ నవ్వారు. సేటు కూడా నవ్వాడు. నేను దగ్గుమందు అమ్ముకున్నాను. మరిచిపోయాను.

నాలుగో రోజున మాడుగులపల్లి నుంచి వచ్చిన రైతు ఒకాయన కౌంటరు మీదికి వంగి, రహస్యం చెబుతున్నట్టు అన్నాడు: "ఎరికేనా? తండోళ్లకు కొత్త దగ్గు లేసిందంట. ఆళ్లు అడుగువెట్టిన షెడ్డుల కోడి బతకదంట. పెద్ద డాక్టరు చెప్పిండంట." నేను నోరు తెరుచుకుని విన్నాను. ఒట్టు, అది నా జోకేనని వెంటనే పోల్చుకోలేకపోయాను. నా సొంత బిడ్డే మీసాలు పెంచుకుని, పేరు మార్చుకుని వచ్చి నాకే కథ చెబుతున్నట్టుంది.

ఐదో రోజున సేటు పదకొండు మందినీ పనిలోంచి తీసేశాడు. చుట్టుపక్కల షెడ్లవాళ్లు కూడా రానివ్వలేదు. మిల్లు గేటు దగ్గరి టీ హోటల్లో వాళ్ల గ్లాసులు విడిగా పెట్టారు. నాట్లకు కూలికి పిలిచేవాళ్లు కూడా, "దగ్గు తగ్గినంక సూద్దాంలే," అన్నారు.

ఆ ఆదివారం మేడం బయల్దేరకముందే ఈ వార్త సూర్యాపేట చేరింది. షాపుకి వస్తూనే సంచి బల్ల మీద పడేసి నిలబడే అడిగింది.

"ఈ మాట మొదట ఎవడన్నాడు?"

అబద్ధాలు చెప్పడంలో అప్పటికే ఇరవై ఏళ్ల అనుభవం నాకు. ఒక్కటీ నోటికి రాలేదు.

"నేనే," అన్నాను.

రెండు చేతులూ ఎత్తి పది వేళ్లూ చూపించింది. తరవాత స్టూలు మీద కూర్చుని, చాలా మెల్లగా అంది: "వైరస్సుకీ నీ మాటకీ తేడా ఏంటయ్యా? నీ దగ్గర నవ్వుగా పుట్టింది. హోటల్లో ఒక గీటు, మంగలి దగ్గర ఒక గీటు. నవ్వు ఉన్నన్నాళ్లు అది ఎవరినీ ఏం చెయ్యలేదు. నవ్వు అరిగిపోయి భయం మిగిలింది చూడు, అప్పుడు సేటులో తెరుచుకుంది. ఆ పదకొండు మంది పని పోయింది. తిరిగొచ్చేదాకా నీకు నిద్ర ఉండదు. నేను ఉండనివ్వను."

అప్పటికప్పుడే బస్సెక్కి తండాకి వెళ్లాం. సోమ్లి మమ్మల్ని చూసి మంచం వాల్చింది గానీ మొహం నావైపు తిప్పలేదు. కోళ్లకి దగ్గు రాకముందు షెడ్డులోకి కొత్తగా ఏమొచ్చిందని మేడం అడిగింది.

"ఏమొచ్చింది యాడీ? దాణా గదే, నీళ్లు గవే." తండాలో యాడి అంటే అమ్మ. అంతలో ఏదో గుర్తొచ్చింది. "సంచులొచ్చినయ్. మా మిల్లు సంచులే, మిల్లు గుర్తున్నది. గని కుట్టు మాది గాదు. నీలం దారం. సీదా కుట్టు, ముడి లేదు. ఏడనో చినిగితె ఎవలో కుట్టి మల్ల పంపిన్రు."

ఇక్కడ మిల్లువాళ్ల ఆచారం ఒకటి చెప్పాలి. ఖాళీ గోనెసంచిని మిల్లు సేటు ఎవరి దగ్గరా వదలడు. కోదాడ వైపు కోళ్ల షెడ్లకి తౌడు పంపేవాడు. టెంపో తిరిగొచ్చేటప్పుడు వాళ్ల షెడ్లలో మూలకి పడున్న పాత సంచులు తెచ్చేది. సేటు ఆ సంచులని దులిపించి, చలికి పరదాలుగా తన షెడ్ల చుట్టూ కట్టించాడు. ఒడ్ల వ్యాపారం చేసినవాడికి సంచి అంటే ఒట్టి సంచే. దాంట్లో కోదాడ కోళ్ల దగ్గు కూడా వస్తుందని ఏ సేటుకి తోస్తుంది?

తిరుగు బస్సులో నేను అడిగాను: "కొక్కెర తెగులేమో మేడం?"

"సోమ్లి చెప్పినదాన్ని బట్టి మెడలు తిరిగిపోవట్లేదు. చావులు తక్కువ. గుడ్డు పెంకు మీద ముడతలు, పగలగొడితే తెల్లసొన నీళ్లలా పారుతోంది. ఇది కోళ్ల దగ్గు వైరస్సే అనుకుంటున్నా. కరోనా అని ఒక కుటుంబం. కరోనా అంటే కిరీటం. ఒంటి చుట్టూ ముళ్లుంటాయి. ఆ ముళ్లే వాడి తాళంచెవులు. జీవకణం గోడ మీద కప్పలుంటాయి. అవి వీడికోసం పెట్టినవి కావు, కణం తన పనికోసం పెట్టుకున్నవి. వీడొచ్చి దూర్చి చూస్తాడు."

"కోడిలో ఆ కప్ప ఏది?"

"ఇవాళ్టికి ఎవరికీ తెలియదు. పందిని పట్టే ఒకడికీ, మనిషికి జలుబు తెచ్చే ఒకడికీ కప్ప ఏదో ఈమధ్యే బయటపెట్టారు. ఇద్దరిదీ ఒకే రకం కప్ప! అయినా మనిషి వైరస్సు పంది కప్పని తెరవలేదు. ఎక్కడో ఒక పన్ను తేడా. అందుకని సోమ్లి దగ్గు కోడిని తెరిచిందంటే నేను నమ్మను. కానీ నేను నమ్మకపోతే సరిపోదుగా. చూపించాలి."

ఎలా చూపించాలో మిర్యాలగూడ వచ్చేలోగా నిర్ణయించేసింది. దగ్గు లేని ఒకే షెడ్డు నుంచి ఇరవైనాలుగు గుడ్లకోళ్లు కొనిపించింది. పన్నెండు మా ఇంటి పెరట్లో. పన్నెండు కోదాడలో వాళ్ల నాన్న ఇంటి వెనక గదిలో. మా పెరటి కోళ్ల మధ్య సోమ్లి రోజంతా కూర్చుని దగ్గాలి. కోదాడ కోళ్ల గదిలో నీలం దారం సంచులు పరవాలి. సేటు షెడ్డు పరదాల్లోంచి ఆ సంచులు అడిగి తెచ్చి, పాలిథీన్ కవర్లో మూతికట్టి మోసుకెళ్లే పని నాది. తిరిగొచ్చి స్నానం చేసి, బట్టలు ఉడకబెట్టి గానీ ఇంట్లోకి అడుగు పెట్టకూడదు. మా ఆవిడ వంటపాత్రలో నా చొక్కా ఉడికింది. ఆ తరవాత వారం రోజులు మా సాంబారుకి నా చెమట రుచి వచ్చిందని ఆమె ఇప్పటికీ అంటుంది.

మొదటి రోజు సోమ్లి పెరటి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నన్ను కోళ్లల్ల కూసోబెడ్తవా యాడీ? సేటు ఎల్లగొట్టిండు గని, గంత పని జెయ్యలే."

మేడం చెప్పులు విప్పి, లోపలికి వెళ్లి, రెట్టల మధ్యే కింద కూర్చుంది. "నిన్ను కాదు, మనల్ని. కాలేజీకి పది రోజులు సెలవు పెట్టా. రా. నువ్వు దగ్గు, నేను వింటా."

ఆ పది రోజులు మా పెరడు చూసినవాళ్లకి పిచ్చాసుపత్రిలా కనిపించి ఉంటుంది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మేడం "ఊఁ, కానీ" అనేది. సోమ్లి ఒక్కో కోడిని ఒళ్లోకి తీసుకుని దాని మొహం మీద దగ్గేది. కోళ్లు కళ్లు మూసుకునేవి. మిగతా సమయంలో ఇద్దరూ కుట్టుకుంటూ మాట్లాడుకునేవారు. మూడు కుట్లకొక ముడి మేడం అక్కడే నేర్చుకుంది.

కోదాడ నుంచి పెద్దాయన రోజూ కార్డు రాసేవాడు. 'కోళ్లు తిన్నవి. నేనూ తిన్నాను.' ఆ మరుసటి కార్డు: 'కోళ్లు తిన్నవి. నేనూ తిన్నాను. వంకాయ.' ఆ తరవాతది: 'నాలుగు కోళ్లు దగ్గుచున్నవి. నేను దగ్గుట లేదు.' వారానికి పన్నెండూ దగ్గాయి. పెద్దాయన అదే గదిలో పడుకుని, ఒక్కసారి కూడా దగ్గలేదు. ఆ సంగతి ప్రతి కార్డులోనూ కొంచెం గర్వంగా రాసుకున్నాడు.

మా పెరట్లో మాత్రం పెద్ద చిక్కొచ్చిపడింది. ఏడో రోజున మేడం "ఊఁ, కానీ" అంటే సోమ్లి కోడిని పట్టుకుని బిక్కమొహం వేసింది.

"దగ్గు వస్తలేదు యాడీ."

"అదేంటి! ప్రయత్నం చెయ్యి."

"చేస్తున్న. రాదు. తగ్గిపోయింది. ఏం జెయ్యాలె?"

మేడం కాసేపు గుడ్లప్పగించి చూసి, ఉన్నట్టుండి పకపకా నవ్వింది. అట్లా నవ్వగా నేను చూసింది అదొక్కసారే. "సంచులు దులపకపోయేసరికి పోయింది చూడు! నీది ఆ దుమ్ము దగ్గు! సంచి ఒకటే, దగ్గులు రెండు. నిన్నూ కోడినీ కూడా ఆ సంచే పట్టుకుంది, నిందేమో నీకొక్కదానికే వచ్చింది."

పదకొండో రోజు పొద్దున మిల్లు కళ్లంలోకి వెళ్లాం. ఒడ్ల లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. హమాలీలు, రైతులు, టీ హోటలువాడు, తండా ఆడవాళ్లు పదకొండు మందీ చేరారు. మేడం నన్ను ముందుకి తోసింది. తండావాళ్ల దగ్గు కథ నేనే పుట్టించానని, అది ఒట్టి జోకని, చేతులు జోడించి చెప్పాను.

కళ్లమంతా గొల్లున నవ్వింది.

"మల్ల మొదలువెట్టిండు!" అన్నాడు టీ హోటలువాడు. "గా ముచ్చట పెద్ద డాక్టరు చెప్పిండని నాకు బరాబర్ ఎరికె. నువ్వు పుట్టిచ్చుడేంది?"

జీవితంలో మొదటిసారి పదిమందిలో నిజం చెబితే, నా అబద్ధాలన్నిటికంటే బాగా నవ్వారు. తలెత్తి మేడం వైపు చూశాను. ఒక్క వేలు కూడా ఎత్తలేదు. అదొక్కటే ఓదార్పు.

ఆమె ఒక బల్ల వేయించి, రెండు కంచాలు తెప్పించింది. మా పెరటి గుడ్డు ఒకటి పగలగొట్టింది. సొన గుండ్రంగా నిలబడింది. "ఇది సోమ్లి పది రోజులు కూర్చున్న కోడిది." ముడతలు పడ్డ ఇంకో గుడ్డు పగలగొట్టింది. తెల్లసొన నీళ్లై కంచం అంచుదాకా పారింది. "ఇది మీ సంచి మీద పడుకున్న కోడిది. కోదాడలో. సోమ్లి ఆ ఊరి మొహం కూడా చూడలేదు." నీలం దారం కుట్టున్న సంచిని పైకెత్తి చూపించింది. గుడ్లు తిని బతికే జనం కదా, కంచాలవైపు ఒక్క చూపు చూస్తే చాలు. నవ్వులు ఆగిపోయాయి.

సేటు తెలివైనవాడు. కంచాలు రెండూ చాలాసేపు చూశాడు.

"మంచిదే మేడం. ఆళ్లను మల్ల పనిల వెట్టుకుంట. ఒక కాగితం రాసియ్యి. మనిషి రోగం కోడికి, కోడి రోగం మనిషికి ఎన్నడూ రాదని రాసి సంతకం జెయ్యి. నలుగురికి సూపిస్తే నా గుడ్లు అమ్ముడువోతయ్, నీ తండోళ్లకు పని అయితది."

నాకు ప్రాణం లేచొచ్చింది. జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాను. ఆమె తీసుకోలేదు.

"ఎన్నడూ అని రాయను."

"ఇప్పుడే గదా సూపిచ్చినవ్!"

"ఇవాళ్టికి తెరుచుకోలేదని చూపించా. మీరు ఒక్క షెడ్డులో పదివేల కోళ్లని కుక్కారు. పదివేల కోళ్లు, కోట్లకొద్దీ తాళంచెవులు, రాత్రీ పగలూ కళ్లు మూసుకుని గీట్లు. రేపు ఏది ఎక్కడ తెరుచుకుంటుందో నేనెట్లా రాస్తా? ఇవాళ్టికి లేదు అని రాస్తా."

"మేడం, మీ కాలేజి కమిటీల నేనున్న. యాదికున్నదా?"

"గుర్తుంది. అయినా ఇవాళ్టికి అనే రాస్తా."

"మేడం," అని గొణిగాను నేను. "ఒక్క మాట. పదకొండు మంది కడుపు. నేనైతే ఎన్నిసార్లు రాయమంటే అన్నిసార్లు రాద్దును."

"అందుకే నిన్ను అడగట్లేదు. ఇవాళ నేను ఎన్నడూ అని అబద్ధం రాసి, రేపు ఎక్కడో ఒకటి తెరుచుకుంటే, మొదట ఎవరిని తరుముతారయ్యా? మళ్లీ వీళ్లనే."

సేటు చేతులు దులుపుకున్నాడు. "అయితె ఆళ్లు గేటు బయట్నే ఉంటరు. ఇగ పోండ్రి."

నా జోకు గెలిచింది అనుకున్నాను. అప్పుడు సోమ్లి ముందుకొచ్చి, కొప్పులోంచి దబ్బనం తీసి, రెండు కంచాల మధ్య పెట్టింది.

"గట్లనే సేటూ. నువ్వు గూడ ఒకటి రాసియ్యి. నీ సంచులల్ల రోగం ఎన్నడూ రాదని రాయి. రాయవా? అయితె నీ ఒడ్ల సంచులు నువ్వే కుట్టుకో. చుట్టు తండాలల్ల ఒక్క ఆడది వచ్చి కుడితె నన్నడుగు."

వెనక పది మంది వచ్చారు. పది దబ్బనాలు ఆ బల్ల మీద పడ్డాయి. ఆ చప్పుడు నాకింకా వినబడుతుంది. మేడం ఆ దబ్బనాల వైపు చూసి, తన గుత్తిని భుజానికి తగిలించుకుని, వాళ్ల వెనకే గేటు దాటింది.

ఆ తరవాత మూడు రోజులు మిల్లు గుమాస్తాలే సంచులు కుట్టారు. లారీ కదిలితే సంచి నోరు విప్పుకునేది. ఒడ్లు కళ్లం నుంచి మిర్యాలగూడ దాకా రోడ్డంతా పడ్డాయి. వాటిని తిన్న పిచ్చుకలు ఎంత బలిశాయంటే రెక్కలు లేపలేక త్రిపురారం దాకా వరసగా నడిచే వెళ్లాయి. రోడ్డు దాటేటప్పుడు ఎడ్లబండ్లు ఆగి దారిచ్చాయి.

నాలుగో రోజున సేటు కబురు పెట్టాడు. సోమ్లి రెండు షరతులు పెట్టింది. బయటి నుంచి మర్లి వచ్చిన సంచి షెడ్డు వైపు రాకూడదు. సంచులు దులిపేవాళ్లకి ముక్కుకి కట్టుకునే గుడ్డ మిల్లే ఇవ్వాలి. సేటు ఒప్పుకున్నాడు. పదకొండు దబ్బనాలూ ఎవరివి వాళ్లు ఏరుకున్నారు. టీ హోటలువాడు గ్లాసులన్నీ ఒకే బకెట్లో కడిగాడు. మేడం మిల్లు గోడ మీద సుద్దతో రాసింది: 'మనిషి దగ్గు కోడికి, కోడి దగ్గు మనిషికి రాలేదు. ఇవాళ్టికి.' కింద తేదీ వేసింది.

ఆ జూన్‌లో కాలేజీ తెరిచాక టైంటేబుల్లో ఆమె పేరు లేదు. నేను కమిటీవాళ్లని నాలుగు తిట్టబోతే ఆపింది. "కోదాడలో గొడుగు ఉంది, ఆకురాయి ఉంది. పిల్లలు అక్కడికే వస్తారు," అంది. వచ్చారు కూడా. తాళాలు బాగుచేసే గొడుగు కింద జంతుశాస్త్రం ట్యూషను ఇంకెక్కడైనా ఉందేమో చెప్పండి.

ప్రతి ఏడూ అదే రోజున మాత్రం మిల్లుకి వచ్చేది. షెడ్డు బయట నిలబడి కోళ్లని వినేది. ఆడవాళ్లని ఒక్కొక్కరినీ అడిగేది: కోళ్లకి బాగాలేనప్పుడు నీకేమైనా అయిందా? నీకు జ్వరమొచ్చినప్పుడు కోళ్లకేమైనా అయిందా? ఇత్తడి కప్పలో ఆ పట్టని తాళంచెవిని ఒకసారి తిప్పి చూసేది. పాత తేదీ చెరిపి కొత్త తేదీ వేసేది. సేటు మొదటి రెండేళ్లు గొణిగాడు. తరవాత సుద్ద తనే తెప్పించి పెట్టేవాడు.

మంగళవారం మెట్ల మీద సోమ్లి అన్నది ఇదీ:

"ఈ యేడుది రాయకుండనే పోయింది. రేపే దినం. నువ్వు రాయాలె."

"నేనా? నేను రాస్తే ఎవడు నమ్ముతడు సోమ్లీ?"

"గందుకే నీకిచ్చింది. ఇన్నేండ్లు అబద్దం మస్తు చెప్పినవ్ గదా, ఒక్క నిజం రాయరాదా?"

మరునాడు వెళ్లాను. షెడ్డు బయట నిలబడి విన్నాను. అప్పటి పదకొండు మందిలో ఇప్పుడు తొమ్మిది మంది ఉన్నారు. తొమ్మిది మందినీ అడిగాను. ఒకామె మేడంలా అడగడం రాలేదంటే మళ్లీ అడిగాను. కప్పలో తాళంచెవి పెట్టి తిప్పాను. పోయినేడు ఆమె చేతిలో ఎంత దిగేదో నాకు తెలియదు. నా చేతిలో కొంచెం దిగి ఆగింది. ఇంకొంచెం బలంగా తిప్పాను. తెరుచుకోలేదు.

పాత తేదీ చెరిపి, ఆమె రాసిన మాటలే రాసి, కొత్త తేదీ వేశాను.

సోమ్లికి చదువు రాదు. "సదువు," అంది.

చదివాను.

"ఆకరి మాట మల్లోసారి సదువు."

"ఇవాళ్టికి."

సోమ్లి తన కుడిచేతి వైపు చూసుకుంది. ఒక్క వేలు కూడా ఎత్తలేదు.